రెఫరీకి మార్కులెయ్యడం ఆపండి! మొత్తం జట్టుకెయ్యండి!

ఒక్క మాట చెబుతానండి, వీడియో ఆపెయ్యకుండా వినండి. ఇంగ్లండ్ అవ్వనీ, అమెరికా అవ్వనీ, మన ఇండియా అవ్వనీ, రెఫరీలకి మార్కులేసే పద్ధతే తప్పు. మొత్తం తప్పు! మార్కులేమో మనిషికేస్తున్నారు, తప్పులేమో ఇద్దరు మనుషుల మధ్యలో జరుగుతున్నాయి. ఇవాళ వీడియో అంతా ఈ ఒక్క పాయింటు మీదే. చివరిదాకా దీన్నే పట్టుకుని ఉంటాను.

పోయిన వీడియోలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో లివర్‌పూల్‌కి లూయిస్ డియాజ్ కొట్టినా ఇవ్వకుండా పోయిన గోల్ గురించి మాట్లాడితే, కింద కామెంట్లన్నీ ఒకటే రకం. "ఆ వీఏఆర్‌లో కూర్చున్నోణ్ణి పీకెయ్యాలి అన్నా." "వాడికి సున్నా వెయ్యాలి బ్రో." వీఏఆర్ అంటే, దూరంగా గదిలో కూర్చుని రీప్లేలు చూసి గ్రౌండ్‌లో రెఫరీ తప్పులు దిద్దే వీడియో రెఫరీ. సరేనండి, సున్నా వేశాం. పీకేశాం కూడా. వచ్చే శనివారం ఆ కుర్చీలో ఇంకొకాయన కూర్చుంటాడు. అదే హెడ్‌సెట్టు, అదే కంగారు, అదే పొడి పొడి మాటలు. ఏం మారింది?

అసలు ఏం జరిగిందో మళ్లీ ఒకసారి చూద్దాం. 2023 సెప్టెంబర్ 30, టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్. 34వ నిమిషంలో డియాజ్ బంతిని గోల్‌లోకి కొట్టాడు. లైన్‌లో ఉన్న అసిస్టెంటు జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడ్ అని. అంటే బంతి అందించేటప్పటికే డియాజ్ డిఫెండర్లని దాటి గోల్‌కి దగ్గరగా ఉన్నాడని. వీఏఆర్‌లో ఉన్న డారెన్ ఇంగ్లండ్ ఏమనుకున్నాడంటే, గ్రౌండ్‌లో గోల్ ఇచ్చేశారనుకున్నాడు. గీత గీసి చూశాడు. ఆఫ్‌సైడ్ కాదు, క్లియర్‌గా ఆన్‌సైడ్. వెంటనే "చెక్ కంప్లీట్" అనేశాడు. గ్రౌండ్‌లో రెఫరీ సైమన్ హూపర్ చెవికి అదెలా వినపడిందండీ? "మీ నిర్ణయం కరెక్టే, కానివ్వండి" అని! ఆయన నిర్ణయమేమో ఆఫ్‌సైడ్. ఫ్రీకిక్ కొట్టేశారు, ఆట మొదలైపోయింది. ఆట మొదలయ్యాక వెనక్కి వెళ్లడానికి రూలు ఒప్పుకోదు. గోలు గాల్లో కలిసిపోయింది. చివరికి 96వ నిమిషంలో లివర్‌పూల్ ఆటగాడు మాటిప్ సెల్ఫ్ గోల్, లివర్‌పూల్ 2-1తో ఓడిపోయింది.

మూడు రోజులకి ఆడియో బయటపెట్టారు. వినే ఉంటారు మీరు. అందులో నా రక్తం మరిగిపోయే చోటు ఎక్కడో చెప్తాను. తప్పు జరిగిందని ముందు కనిపెట్టింది ఎవరండీ? రెఫరీ కాదు. వీఏఆర్ కాదు. పక్కన కూర్చున్న అసిస్టెంట్ వీఏఆర్ కూడా కాదు. రీప్లేలు తిప్పే కుర్రాడు! ఆపరేటర్! "ఆగండాగండి, గ్రౌండ్‌లో ఇచ్చింది ఆఫ్‌సైడ్. మీకిది ఓకేనా?" అని అడిగింది అతను. చేతిలో విజిల్ లేదు, జెండా లేదు, మ్యాచ్ అఫీషియల్స్ లిస్టులో పేరు కూడా ఉండదు. ఆ గదిలో అందరికంటే ముందు నిజం చూసిన మనిషి అతనే. మ్యాచ్ ఆపించమని అటువైపు నుంచి మాట వచ్చింది కూడా. అయినా వీఏఆర్ జవాబేమిటి? "ఇప్పుడేం చెయ్యలేం."

ఇప్పుడు మనిషి మనిషికీ మార్కులెయ్యండి చూద్దాం. లైన్‌లో అసిస్టెంటు పొరబడ్డాడు, ఒప్పుకుందాం. అలాంటివి దిద్దడానికే కదా వీఏఆర్ పెట్టింది. వీఏఆర్ గీసిన గీత? కరెక్టు. రెఫరీ? చెవిలో చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఆపరేటర్ శభాష్. ఎవరి పని వాళ్లు దాదాపుగా చేశారు, మొత్తం కలిపితే ఆ సీజన్‌లో అందరూ తలపట్టుకున్న తప్పు. ఏ పరీక్షలో అయినా ఇలాంటి లెక్క చూశారా మీరు?

తర్వాత ఏం చేశారో కూడా చూడండి. వీఏఆర్‌నీ, అసిస్టెంట్ వీఏఆర్‌నీ తర్వాతి మ్యాచ్‌ల నుంచి పక్కన పెట్టారు. అది జనం కోసం. అసలు మందు ఎక్కడ వేశారు? మాట్లాడుకునే పద్ధతి మార్చారు. చెక్ అయ్యాక, ఫైనల్ నిర్ణయం ఏమిటో గ్రౌండ్‌లో వాళ్లతో ఖాయం చేసుకున్నాకే ముగించాలి అన్నారు. రోగం ఇద్దరి మధ్యలో ఉందని వాళ్లకీ తెలుసన్నమాట! తెలిసీ మార్కుల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఒక్కడి మెడకే చుడతారు. 2024 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ వాళ్లు ఒక లెక్క చెప్పారు. వీఏఆర్ రాకముందు కీలక నిర్ణయాల్లో 82 శాతం కరెక్టు, వచ్చాక 96 శాతం అని. చాలా సంతోషం. ఆ మిగిలిన నాలుగు శాతంలో ఎన్ని కంటితప్పు వల్ల, ఎన్ని మాటతప్పు వల్ల? నాకు కావలసింది ఆ లెక్కండీ!

మన నర్సాపురం రేవులో పంటు ఎక్కిన వాళ్లకి ఇది రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. సఖినేటిపల్లి వైపు వెళ్లేటప్పుడు చూడండి, పంటు మీద బైకులు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, జనం. ఇంజిన్ దగ్గర ఒకడు, ముందు తాడు పట్టుకుని ఇంకొకడు. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి తాడు పట్టుకున్నవాడు చెయ్యి ఊపుతాడు, ఇంజిన్ దగ్గరివాడు దాన్ని చూసి స్పీడు తగ్గిస్తాడు. చెయ్యి ఊపినా ఇతను చూడకపోతే పంటు వెళ్లి గట్టుకి గుద్దుకుంటుంది. బైకులన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అప్పుడు తాడు మనిషికి ఎనిమిది మార్కులు, ఇంజిన్ మనిషికి ఏడు మార్కులు అని వేసుకుంటూ కూర్చుంటామా? గుద్దింది పంటండీ! మార్కు పంటుకే!

సరే, ఇప్పుడు 1986కి వెళ్దాం. మారడోనా చేత్తో కొట్టిన గోల్. ప్రపంచకప్‌లో అర్జెంటీనా, ఇంగ్లండ్, క్వార్టర్ ఫైనల్. రెఫరీ ట్యునీషియా ఆయన అలీ బెన్నాసర్. లైన్స్‌మన్ బల్గేరియా ఆయన బోగ్దాన్ దోచెవ్. బెన్నాసర్ తర్వాత ఏమన్నాడంటే, నేను దోచెవ్ వైపు చూశాను, అతను హ్యాండ్‌బాల్ అని సైగ చెయ్యలేదు, నాకంటే మంచి చోట ఉన్నవాడి మాట వినమని ఫీఫా చెప్పింది, అందుకే గోల్ ఇచ్చాను అన్నాడు. దోచెవ్ ఏమన్నాడు? ఏదో తేడాగా ఉందని నాకప్పుడే అనిపించింది, కానీ ఆ రోజుల్లో రెఫరీతో చర్చించే హక్కు మాకు లేదు అన్నాడు. విన్నారా! ఒకడు వాడి కోసం చూస్తున్నాడు, వాడు వీడు అడిగితే బాగుండునని నిలబడ్డాడు. ఆ మధ్యలో నుంచి మారడోనా గోల్ కొట్టేసి పరిగెత్తి సంబరాలు కూడా చేసేసుకున్నాడు. బాధ్యత ఇద్దరూ ఒకరి మీదకొకరు తోసేసుకున్నారు చివరిదాకా.

ఇందులో పిట్టకథ ఒకటుందండి, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ మ్యాచ్ బంతి బెన్నాసర్ దగ్గరే ఉండిపోయింది. 2022 నవంబర్‌లో వేలం వేస్తే 20 లక్షల పౌండ్లు పలికింది! ఆ రోజు ఆ గోల్ రద్దు చేసుంటే ఆ బంతి ఎవడికి కావాలండీ?

సరే, అసలు విషయంలోకి. 2006 ప్రపంచకప్ నుంచి ఫీఫా ఏం చేసిందో తెలుసా? రెఫరీనీ, ఇద్దరు అసిస్టెంట్లనీ ఒకే జట్టుగా ఎంపిక చెయ్యడం మొదలెట్టింది. ముగ్గురూ ఒకే దేశం నుంచో, ఒకే ఖండపు సమాఖ్య నుంచో. ఎందుకు? కలిసి పనిచేసిన వాళ్లకి ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది గనక. అంటే ఎంపిక జట్టుగానే! మరి మార్కులు? తిట్లు? శిక్షలు? అవన్నీ ఒంటరిగా! ఇదెక్కడి న్యాయం?

అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో ఇది ఇంకా ఘోరం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అబ్బాయి ఉన్న ఇల్లు మన భీమవరంలో వీధికొకటి ఉంటుంది, అడగండి, ఎన్ఎఫ్ఎల్ గురించి, అంటే వాళ్ల ఫుట్‌బాల్ లీగ్ గురించి చెబుతారు. గ్రౌండ్‌లో ఏడుగురు అఫీషియల్స్. ప్రతి ప్లేకీ ప్రతి ఒక్కరికీ విడివిడిగా గ్రేడు. సీజనంతా వాళ్లు ఒక జట్టుగా తిరుగుతారు. ప్లేఆఫ్స్ వచ్చేసరికి, చాలా ఏళ్లు నడిచిన పద్ధతి ఏమిటంటే, జట్లని విడగొట్టి, ఎవరి గ్రేడు బాగుంటే వాళ్లని తలా ఒక చోట నుంచి ఏరుకొచ్చి కొత్త జట్టు కట్టడం. అంటే నాలుగు నెలలు పెంచుకున్న అలవాటంతా సరిగ్గా పెద్ద మ్యాచ్ ముందు చెత్తబుట్టలో!

2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్‌లో సెయింట్స్, రామ్స్ మ్యాచ్. గెలిస్తే సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. స్కోరు సమానం, రెండు నిమిషాలు కూడా లేవు. బంతి ఇంకా చేరకముందే రామ్స్ ఆటగాడు రోబీ-కోల్‌మన్ వచ్చి సెయింట్స్ కుర్రాణ్ణి గుద్దేశాడు. స్టేడియం మొత్తం చూసింది. ఫౌల్ అని ఏడుగురిలో ఒక్కడూ జెండా వెయ్యలేదు! రామ్స్ 26-23తో గెలిచి వెళ్లిపోయారు. తప్పు జరిగిందని లీగ్ ఆఫీసు ఫోన్‌లో ఒప్పుకుందని సెయింట్స్ కోచ్ షాన్ పేటన్ ఆ రోజే చెప్పాడు. అలాంటి ఫౌల్‌ని రీప్లేలో చూడొచ్చని ఆ తర్వాత రూలు తెచ్చారు, ఒక్క సీజన్ నడిపి తీసేశారు. నా థియరీ ఏమిటంటే, ఏడుగురికీ ఏడు గ్రేడులున్నప్పుడు "అది పక్కవాడి ఏరియా, వాడు వేస్తాడులే" అనే బుద్ధి పుడుతుంది. నాకు మార్కు పోకుండా ఉంటే చాలు అనే బుద్ధి. ఏడుగురికీ కలిపి ఒకటే గ్రేడు పెట్టండి, ఏడు జెండాలూ గాల్లో ఉంటాయి!

అంతకుముందు 2012 సెప్టెంబర్‌లో సియాటిల్‌లో ఇంకో వింత. లీగ్ వాళ్లకీ అఫీషియల్స్‌కీ గొడవై బయటివాళ్లని తెచ్చి ఆడిస్తున్నారు. ఆఖరి ప్లేకి ఇద్దరు అఫీషియల్స్ పక్కపక్కనే నిలబడి, ఒకాయన రెండు చేతులూ పైకెత్తి టచ్‌డౌన్ అన్నాడు, అంటే స్కోరు వచ్చేసిందని, రెండో ఆయన చేతులు ఊపి గడియారం ఆపాడు. ఆ ఫొటో చూడండి ఒక్కసారి. నేను చెప్పేదంతా ఆ ఫొటోలో ఉంది.

మన అమలాపురం సాత్విక్ ఆడే బ్యాడ్మింటన్ చూస్తారుగా. లైన్ జడ్జికి షటిల్ పడింది కనబడకపోతే ఏం చేస్తారు? రెండు చేతులూ కళ్లకి అడ్డం పెట్టుకుంటారు. "నాకు కనపడలేదు" అని చెప్పడానికి అదే సైగ! అందులో సిగ్గు లేదు, మార్కు కోత లేదు. అంపైర్ చూసి ఉంటే ఆయన చెబుతాడు, ఆయనా చూడకపోతే ఆ పాయింటు మళ్లీ ఆడతారు. ఎంత నిజాయితీ అండీ అది! ఫుట్‌బాల్‌లో అలాంటి సైగ ఏదీ? ప్రతివాడూ అంతా చూసినట్టే నిలబడాలి.

మీరు అడగబోయేది నాకు తెలుసు. "మరి బాగా చేసిన రెఫరీ, చేతకాని లైన్స్‌మన్ వల్ల నష్టపోవాలా?" అవును, నష్టపోవాలి! అప్పుడే మ్యాచ్ ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని "నువ్వు ఎప్పుడు అరుస్తావు, ఏ మాట వాడతావు, నాకు వినపడకపోతే ఏం చేస్తావు" అని పట్టుబట్టి తేల్చుకుంటాడు. గ్రౌండ్ పక్కన నిలబడే ఫోర్త్ అఫీషియల్‌నీ, రీప్లే ఆపరేటర్‌నీ కూడా ఆ మార్కులోకి లాగండి. అనుమానం వచ్చిన క్షణం నుంచి అది రెఫరీ చెవిలో పడేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో కొలవండి. ప్రతి మ్యాచ్ ఆడియో మర్నాడే పెట్టండి, గొడవైనప్పుడు మాత్రమే కాదు. జట్టుని సీజన్ మధ్యలో చీల్చకండి.

వచ్చే వీడియోలో మన ఇండియన్ సూపర్ లీగ్, ఐఎస్ఎల్‌కే ఈ పద్ధతిలో మార్కులేద్దాం. 2023 మార్చి 3, బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్ నాకౌట్. బ్లాస్టర్స్ ఆటగాళ్లు అడ్డంగా గోడలా నిలబడకముందే బెంగళూరు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ కొట్టేశాడు, రెఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చాడు, బ్లాస్టర్స్ గ్రౌండ్ వదిలి వెళ్లిపోయారు. దేశమంతా క్రిస్టల్ జాన్ ఒక్కడి మీదే పడింది. ఇద్దరు అసిస్టెంట్లు, ఫోర్త్ అఫీషియల్ ఆ నిమిషంలో ఎటు చూస్తున్నారో ఎవరూ అడగలేదు. ఆ క్లిప్పు మళ్లీ చూడండి, ఈసారి బంతిని వదిలేసి ఆ ముగ్గురినీ చూడండి. చూసి, నలుగురికీ కలిపి పదికి ఒకటే మార్కు కింద కామెంట్‌లో రాయండి.