డెబ్బై అక్షరాల్లో అమ్మకో మాట

శ్రోతలకు నమస్కారం.

గర్భిణులకు, పసిబిడ్డల తల్లులకు ఫోన్‌లో ఆరోగ్య సలహాలు పంపడం కొత్తేమీ కాదు. అమెరికాలో 2010లో మొదలైన టెక్స్ట్‌ఫర్‌బేబీ వారానికి 3 సందేశాలు ఉచితంగా పంపేది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2014లో మామ్‌కనెక్ట్ తెచ్చింది. అందులో తల్లి తిరిగి ప్రశ్న అడగొచ్చు, క్లినిక్ మీద ఫిర్యాదూ చేయొచ్చు. మన దేశంలో 2016లో వచ్చిన కిల్కారి అక్షరాల జోలికే పోలేదు. నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున 72 కాల్స్, చదువు రాకపోయినా వినేలా.

అక్షరాల్లోనే పంపాలంటే తెలుగుకు ఓ చిక్కుంది. ఇంగ్లీషు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో పట్టేది 70. ఆ 70 కూడా మనం అనుకునే అక్షరాలు కావు. ఒత్తు, గుడి, కొమ్ము, సున్న, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే. ఫోన్ లెక్కలో సకారం, తకారం, రకారం, రెండు పొల్లులు, గుడిదీర్ఘం కలిసి 6. డెబ్బై దాటితే సందేశం ముక్కలవుతుంది. ముక్కకు 67 చొప్పునే పడతాయి, ఖర్చు రెండింతలు. కొన్ని ఫోన్లలో రెండో ముక్క ముందొస్తుంది.

అందుకే ఒక సందేశంలో ఒక్క పనే చెప్పాలి. ఇది వినండి: ‘అమ్మా, బిడ్డకు 6 వారాలు నిండాయి. ఈ బుధవారం టీకాలకు రండి. కార్డు తెండి.’ ఖాళీలతో, చుక్కలతో కలిపి సరిగ్గా 70. ఇంకో కామా పెట్టినా రెండో ముక్కే.

జాగా కోసం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లున్నారు. కబుర్లకైతే సరే. మందుల విషయంలో వద్దు. ‘మందు వద్దు’ అన్నచోట ఒక ‘డి’ జారిందంటే ‘మందు వాడు’ అని చదువుకుంటారు.

‘పోషకాహారం తీసుకోండి’ లాంటి మాటలు పంపడం డబ్బు దండగ. ఐరన్ మాత్ర సంగతే తీసుకుందాం. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు వేసుకోవాలి. కొందరు మొదట్లోనే మానేస్తారు, విరేచనం నల్లగా అవడం చూసి భయపడి. కాబట్టి మాత్రలు చేతికందిన రోజే ఒక సందేశం వెళ్లాలి: నలుపు మామూలే, మానొద్దు అని. మర్నాడు, టీ కాఫీలతో వేసుకోవద్దని. ఆ తర్వాత, కాల్షియం మాత్రకూ దీనికీ 2 గంటల ఎడం ఉండాలని.

ఇంత జాగ్రత్తగా రాసినా, అసలు దెబ్బ తగిలేది తేదీల దగ్గర. ఆఖరి నెలసరి మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ. జనవరి 10 అయితే అక్టోబర్ 17. ఆ రోజు గుర్తులేదంటే ‘సంక్రాంతికి ముందా, తర్వాతా?’ అని అడిగి పట్టుకోవాలి. తొలి నెలల్లో తీసిన స్కానింగ్ ఉంటే ఇంకా నయం. ‘అయిదో నెల పడింది’ అంటే నిండినవి నాలుగే. రాసుకునేవారు 5 అని వేస్తే, అక్కడి నుంచి ప్రతి సందేశమూ నెల ముందే వస్తుంది. ‘పడింది’కీ ‘నిండింది’కీ తేడా కంప్యూటర్‌కు తెలీదు మరి.

బిడ్డ 34 వారాలకే పుట్టిందనుకోండి. పుట్టిన తేదీ ఎక్కించకపోతే కంప్యూటర్ 40 వారాల కాన్పు లెక్కే పట్టుకుంటుంది. ఆరు వారాల టీకా సందేశం, బిడ్డకు 12 వారాలు వచ్చాక చేరుతుంది. నెలలు నిండకుండా పుట్టినా టీకాల వయసు పుట్టిన రోజు నుంచే లెక్క.

అన్నిటికన్నా ఘోరమైన తప్పు ఇంకోటి. గర్భం పోయింది, లేదా బిడ్డ దక్కలేదు. అయినా ‘మీ బిడ్డకు ఈ వారం’ అంటూ సందేశం వస్తూనే ఉంటుంది. ఆ తల్లి ఆ ఫోన్ ఎలా పట్టుకుంటుంది? కాబట్టి ఆశా కార్యకర్తగానీ ఏఎన్ఎంగానీ ఒక్క మాటతో సందేశాలు ఆపించే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి. కాన్పు వార్త ఊర్నుంచి అందకుండా, తేదీ దాటింది కదా అని శుభాకాంక్షలు పంపకూడదు.

ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో కూడా చూసుకోవాలి. చాలా ఇళ్లల్లో రాసిచ్చేది భర్త నంబరు, లేదా అత్తగారిది. ఐరన్ మాత్ర గురించి వాళ్లు చదివితే మంచిదే. హెచ్‌ఐవీ పరీక్ష, కుటుంబ నియంత్రణ లాంటివి మాత్రం ముఖాముఖి చెప్పాల్సినవే.

ఇంట్లో గర్భిణి ఉన్న శ్రోతలకు రెండు మాటలు. పురిటికి పుట్టింటికి వెళ్తూ సిమ్ మారిస్తే, కొత్త నంబరు రెండు ఊళ్ల ఏఎన్ఎంలకూ చెప్పండి. రక్తస్రావం, ఫిట్స్, చూపు మసకబారుతూ విపరీతమైన తలనొప్పి, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా సందేశం రాసి జవాబు కోసం కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

నమస్కారం.