చిన్న కాటమరాన్‌కు అరిగిన తీగలు, పిన్నులు మార్చుడెట్ల

నమస్తే. ఇగో, ఈ ట్రెయిలర్ మీదున్నది 16 అడుగుల కాటమరాన్, తెరచాప పడవ. రెండు సన్నటి హల్‌లు, అంటే నీళ్ల మీద తేలే పొట్టలు, నడుమ కూసునే గుడ్డ, తెరచాప కట్టే ఎనిమిది మీటర్ల అల్యూమినియం స్తంభం, అదే మాస్ట్. ఇయ్యాల ఈ మాస్ట్‌ను నిలబెట్టే సామాన్లన్నీ మారుస్తం. మృగశిర కార్తె గాలులు మొదలైనంక ఈ పని పెట్టుకోకుండ్రి, ఇప్పుడే ఒడగొట్టాలె. రోహిణి ఎండల మాస్ట్ ముట్టుకుంటే చెయ్యి కాలుతది, అందుకే పొద్దుగాల ఏడింటికే షురూ చేస్తున్నం.

కాటమరాన్ అన్న మాట తమిళపు కట్టుమరం నుంచి వచ్చింది. అది తాడుతోని దుంగలు కట్టి చేసేది. మన దాంట్ల మాత్రం ప్రాణమంతా తీగల మీదనే. ఒంటి హల్ పడవ గాలి కొడితే పక్కకు ఒరిగి కొంత బలం వదిలేస్తది. ఇది వెడల్పుగ ఉంటది, తొందరగ ఒరగదు. ఆ బలమంతా తీగలే మొయ్యాలె. ఎన్ని తీగలు? ముందుకు ఫోర్‌స్టే ఒకటి, పక్కలకు ష్రౌడ్‌లు రెండు. వెనక తీగ లేదు. ఫోర్‌స్టే కింద రెండు హల్‌లకు పోయే బ్రైడిల్ తీగలు రెండు. ఈ అయిదుట్ల ఏది తెగినా మాస్ట్ మీద పడ్తది.

పని మొదలు పెట్టే ముందు తల పైకెత్తి చూడుండ్రి. నవ్వకుండ్రి, నిజంగనే చెప్తున్న. మన దిక్కు చెరువు కట్టల పొంటి మోటర్ల లైన్లు, 11 కేవీ లైన్లు పోతయి. మాస్ట్ అల్యూమినియం, తీగలు స్టీలు. తగలకున్నా దగ్గరికి పోతేనే కరెంటు దుంకుతది. మాస్ట్ పడేసే జాగలనే కాదు, ట్రెయిలర్ గుంజే తొవ్వల గూడ లైన్ లేకుంట చూసుకోవాలె.

మాస్ట్ దించేటందుకు ఇద్దరు ఉండాలె, ముగ్గురుంటే మంచిది. బరువు కన్నా పొడుగే ఇబ్బంది పెడ్తది. మొదలు మాస్ట్ కాలి కాడ పిన్ను పెట్టుండ్రి. అది లేకుంటే సగం దిగినంక కాలు ఎగిరి తంతది. ఒకలు గుడ్డ మీద నిలబడి మాస్ట్ పట్టుకోవాలె, ఇంకొకలు ముందట ఫోర్‌స్టే పిన్ను తియ్యాలె. ష్రౌడ్‌లు ముట్టుకోవద్దు, మాస్ట్ పక్కకు పోకుంట ఆపేది అవ్వే. మెల్లగ వెనకకు దించి, రెండు స్టాండ్ల మీద పండబెట్టాలె.

ఏదీ ఇప్పక ముందే రాసుకోవాల్సింది ఒకటున్నది. ష్రౌడ్ కింద ఈ తూట్ల పట్టీ ఉన్నది గదా, అడ్జస్టర్. కింది నుంచి ఎన్నో తూట్ల పిన్ను ఉన్నదో ఎడమకు వేరే, కుడికి వేరే రాసుకోండ్రి. తర్వాత ప్రతి తీగను గుంజి పట్టి, పిన్ను నడుమ నుంచి పిన్ను నడుమ దాక కొలవాలె. చివరి నుంచి చివరికి కొలిస్తే తప్పు లెక్క వస్తది. రెండు ష్రౌడ్‌ల పొడుగుల తేడా వస్తే మాస్ట్ ఒక దిక్కు ఒరిగి నిలబడ్తది.

ఇప్పుడు చూసుడు. చేత్తో కాదు, పాత బనియన్ గుడ్డతోని తీగ మొత్తం తుడువుండ్రి. గుడ్డ చిక్కితే ఆడ పోగు తెగినట్టు. చేతికైతే సూదిలెక్క దిగుతది. తీగల పంతొమ్మిది పోగులుంటయి, ఒక్కటి తెగినా తీగ మార్చాలె, "ఇంక పద్దెనిమిది ఉన్నయి గదా" అనే లెక్క పనికిరాదు. పోగు ఏడ తెగుతదో గూడ చూడుండ్రి. నడుమ కాదు, ఇగో తీగ కొసను మడిచి నొక్కిన ఈ లోహపు గొట్టం, స్లీవ్, దాని మూతి కాడ. పడవ నడిచేటప్పుడు గాలికి అవతలి దిక్కున్న ష్రౌడ్ వదులై ఊగుతది. ఊగినప్పుడల్లా స్లీవ్ అంచు కాడనే వంగుతది. తీగను ముందుకు వెనకకు వంచి విరిచినట్టే, కాకపోతే ఏండ్లు పడ్తది. దీని మీద ప్లాస్టిక్ తొడుగు, టేప్ ఉంటే కోసి తియ్యుండ్రి. స్టెయిన్‌లెస్ స్టీలుకు గాలి తగలాలె. లోపల తడి నిలబడి గాలి ఆడకుంటే అది గూడ తుప్పు పడ్తది. మన చెరువుల నీళ్లు ఉప్పు నీళ్లు కావు, సముద్రమంత ఆగం కాదు, కని తొడుగు కింద మాత్రం నమ్మొద్దు.

పిన్నుల సంగతి. పిన్ను తీసి గోరు ఆనిచ్చి జరుపుండ్రి, గీత తగిలితే పారెయ్యాలె. పట్టీ తూట్లు గుండ్రంగ ఉన్నయా, గుడ్డు లెక్క సాగినయా చూడాలె. సాగితే పిన్ను మార్చి లాభం లేదు, పట్టీ మార్చాలె. ఇట్ల ఎందుకైతదంటే, ఈ పడవల పిన్నులు చాలావరకు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. షాపుల ఆరు మిల్లీమీటర్ల బోల్ట్ ఇస్తరు. లూజుగ దూరుతది, మంచిగనే అనిపిస్తది. ఆ 0.35 సందుల ఊగి ఊగి తూటును కొరికేస్తది. బోల్ట్ మరలు పట్టీ అంచు మీద పడితే ఆకురాయి పెట్టినట్టే. మరలు లేని నున్నటి పిన్ను, క్లెవిస్ పిన్నే వెయ్యాలె. సన్న కొలతలు చూపే వెర్నియర్ తీసుకపోయి కొలిచి కొనుండ్రి.

ఈ పడవకు పిన్నులు ఎనిమిది పట్టినయి: మూడు అడ్జస్టర్లకు (ష్రౌడ్‌లకు రెండు, ఫోర్‌స్టేకు ఒకటి) ఆరు, బ్రైడిల్ కింద రెండు. పిన్ను జారకుంట దాని కొసకు ఎక్కించే రింగులు పదహారు తెచ్చుకోండ్రి, ఒకసారి సాగదీసిన రింగ్ మళ్ల వెయ్యొద్దు. సగం అయితే నీళ్లల్లనే పడ్తయి.

తీగ కొనుడుల అసలు మోసం ఉన్నది. వరంగల్ల ఏ హార్డ్‌వేర్ షాపుల స్టీల్ వైర్ అడిగినా బోర్ మోటర్ దించే వైర్ తీస్తరు. అది బరువు వేలాడదియ్యనీకి మంచిదే, మాస్ట్‌కు కాదు. దాంట్ల సన్నటి పోగులు మస్తుగుంటయి, మెత్తగ వంగుతది, సాగుతది. మనకు కావాల్సింది 1×19, అంటే పంతొమ్మిది గట్టి పోగులు ఒక్క పేటగ పేనింది, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. మూడు మిల్లీమీటర్లది సుమారు 700 కిలోల దాక ఆపుతది. పాత తీగ మందమెంతో అంతే తేవాలె. షాపాయన అయస్కాంతం పెట్టి "అంటుతలేదు, అసలు మాల్" అంటడు. ఆ పరీక్ష తీగకు పనికిరాదు, తీగ లాగినప్పుడు మంచి స్టీలుకు గూడ కొంచెం అయస్కాంత గుణం వస్తది.

మూతులు మీరే నొక్కుకోవాలనుకుంటే థింబుల్ (తీగ మడత లోపల పెట్టే లోహపు కమ్మి), రాగి స్లీవ్, దాన్ని నొక్కే సరిపోయే క్రింప్ పనిముట్టు, నొక్కుడు సరిపోయిందో చూసే గేజ్ కావాలె. అల్యూమినియం స్లీవ్ స్టెయిన్‌లెస్ తీగ మీద వద్దు, తడి తగిలితే అల్యూమినియాన్ని తినేస్తది. నొక్కినప్పుడు స్లీవ్ పొడుగైతది, అందుకే తీగ కొస ముందే కొంచెం బయటికి పెట్టుండ్రి. నొక్కినంక కొస కనవడకుంటే అది లెక్కల లేదు, కోసి మళ్ల చెయ్యాలె. సుత్తెతోని కొట్టుడు, నట్లున్న యూ క్లిప్పులు బిగించుడు ఈడ నడవది. గేజ్ లేనోళ్లు కొలతలు పంపి కట్టిన తీగలే తెప్పించుకోండ్రి, మా మాటైతే అదే. ష్రౌడ్‌లు మాత్రం జంటగనే మార్చాలె. ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే సాగుడు సమానం ఉండది.

మాస్ట్ మీద తీగలు తగిలించే పట్టీ ఊగుతుంటే దాని రివెట్లు చూడుండ్రి. చుట్టూ తెల్లటి పొడి ఉన్నదంటే అల్యూమినియం పోతున్నదన్నట్టు. కిటికీలకు కొట్టే అల్యూమినియం రివెట్లు ఈడ తెగుతయి. స్టెయిన్‌లెస్ రివెట్ 4.8 మిల్లీమీటర్లది వెయ్యాలె, రెండు లోహాల నడుమ తుప్పు ఆపే పేస్ట్ పూసి. చిన్న రివెట్ గన్‌తోని గుంజలేరు, రెండు చేతుల గన్ తెచ్చుకోండ్రి.

బిగించేటప్పుడు మాస్ట్ మీది షాకిల్‌కు (పిన్నుతోని మూసుకునే కొక్కెం) తీగలు మెలి లేకుంట ఎక్కించి, దాని పిన్ను సన్న స్టీల్ తీగతోని కట్టెయ్యాలె. అడ్జస్టర్ పిన్నులను రాసుకున్న తూట్లల్లనే పెట్టుండ్రి. ప్రతి రింగ్ మీద రెండు చుట్లు టేప్, అంతే. మొత్తం తొడుగు లెక్క చుట్టకుండ్రి. మాస్ట్ లేపినంక దాన్ని చేత్తో తిప్పి చూడాలె. ఇది తిరిగే మాస్ట్, పట్టేస్తే ష్రౌడ్‌లు మరీ బిగుసుకున్నట్టు, రెండు దిక్కులా ఒక్కో తూటు వదలాలె.

మొదటిసారి చిన్న గాలికి ఒక గంట నడిపి ఒడ్డుకు రాండ్రి. కొత్త తీగ, థింబుల్ కూసుంటయి, కొంచెం వదులు వస్తది. రింగులు, షాకిళ్లు, స్లీవ్ మూతులు అప్పుడే మళ్ల చూసుకోవాలె. పాత తీగల మూతులు కట్టర్‌తోని నరికి పడెయ్యుండ్రి. చుట్టి షెడ్‌ల పెడితే, వచ్చే ఏడు ఎవలో ఒకలు స్పేర్ అనుకొని తగిలిస్తరు.