ఒక్క నటుడు, ఊరంతా పాత్రలు, రంగం మీదికి రాని ఒక పిల్లాడు

(తెర మీద: చెరువు నీళ్లలో తేలుతున్న ఒక బూటు)

ఈ బూటును కాస్త దగ్గరగా చూడండి. మామూలు కాన్వర్స్ బూటే. కానీ దాని అడుగున రంగురంగుల హవాయి చెప్పుల అట్టలు ఒకదాని కింద ఒకటి అంటించి ఉన్నాయి. 14 ఏళ్ల పిల్లాడు ఎత్తు మడమల కోసం తన చేతులతో తానే చేసుకున్నాడు.

ఆ పిల్లాడి పేరు లియోనార్డ్ పెల్కీ. కల్పిత పాత్ర. అమెరికాలో న్యూజెర్సీ తీరాన ఒక చిన్న ఊరు. ఒకరోజు అతను కనిపించకుండా పోతాడు. తర్వాత చెరువులో ఈ బూటు దొరుకుతుంది.

(తెర మీద: ఖాళీ రంగస్థలం, ఒక మనిషి)

ఈ నాటకం పేరు 'ది అబ్సల్యూట్ బ్రైట్‌నెస్ ఆఫ్ లియోనార్డ్ పెల్కీ'. రాసిందీ, ఆడిందీ జేమ్స్ లెసేన్. 2015లో న్యూయార్క్‌లో ప్రదర్శించారు. కేసు పట్టిన డిటెక్టివ్, బ్యూటీ పార్లర్ నడిపే ఎలెన్, ఆమె కూతురు, గడియారాలు బాగుచేసే ముసలాయన, అందరూ ఆయనే. వేషం మార్చడు. గొంతు మారుతుంది, నిలబడే తీరు మారుతుంది, అంతే. హరికథ చూసినవాళ్లకు ఇది తెలిసిన విద్యే. హరిదాసు ఒక్కడే రాముడవుతాడు, రావణుడవుతాడు, మరుక్షణం మళ్లీ కథ చెబుతాడు.

కానీ ఇంతమందిగా మారిన లెసేన్, లియోనార్డ్‌గా మాత్రం మారడు. నన్ను కదిలించింది అదే. ఆ పిల్లాడు ఊరివాళ్ల మాటల్లోనే ఉంటాడు. పార్లర్‌కి వచ్చే ఆడవాళ్లకు ఏ రంగు నప్పుతుందో చెప్పేవాడట. వాళ్లు ఆ ముచ్చట్లు చెబుతుంటే హాల్లో నవ్వులు. నవ్వుతూనే ఉంటాం, ఇంతలో గుర్తొస్తుంది, ఈ కబుర్లన్నీ లేని మనిషి గురించి అని. దుఃఖం, వేడుక విడివిడిగా రావు ఇక్కడ. ఒకే మాటలో వస్తాయి.

లియోనార్డ్‌ను చంపినవాడి గురించి నేను ఎక్కువ చెప్పను. నాకు గుచ్చుకున్నది వేరే. లియోనార్డ్‌ను ప్రేమించినవాళ్లే "కాస్త తగ్గి ఉండు" అని అతనికి చెప్పారు. భయంతోనే చెప్పారు. అతను తగ్గలేదు. "మగపిల్లాడివి, ఆ నడకేంటి?" అని మన ఇళ్లలోనూ అంటాం కదా, ప్రేమగానే.

(తెర మీద: మోగుతున్న ఫోన్)

లెసేన్ అంతకుముందు ఆడిన మరో ఏకపాత్ర ప్రదర్శనలో ట్రెవర్ అనే అబ్బాయి ఉన్నాడు. మరో అబ్బాయిని ఇష్టపడి, ఆ కారణంగా చనిపోవాలనుకున్న పిల్లాడు. ఆ పాత్ర లఘుచిత్రమై 1995లో ఆస్కార్ అందుకుంది. 1998లో అది టీవీలో వచ్చే ముందు ఒక ప్రశ్న వచ్చింది: చూసే పిల్లల్లో ట్రెవర్ లాంటివాళ్లు ఉంటే ఎవరితో మాట్లాడాలి? అందుకోసం హెల్ప్‌లైన్ పెట్టారు. ట్రెవర్ ప్రాజెక్ట్ అలా మొదలైంది. లియోనార్డ్ కథ కల్పితమే, కానీ అలాంటిది నిజంగానూ జరిగింది: అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ల గే విద్యార్థిని కొట్టి చంపారు.

ట్రెవర్ పేరుతో మొదలైన ఆ సంస్థలో ఇప్పటికీ, ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా, ఎత్తేవాళ్లు ఉన్నారు.