బిస్సావులో తారుమారైన రెండు వైరస్‌లు

నమస్కారం. ఎయిడ్స్‌కు దారితీసే హెచ్‌ఐవీలో హెచ్‌ఐవీ-1, హెచ్‌ఐవీ-2 అని రెండు రకాలున్నాయి. ఇది ఆ రెండింటి కథ. పశ్చిమ ఆఫ్రికాలో గినీ-బిస్సావు ఒక చిన్న దేశం. రాజధాని బిస్సావులోని బందీం పేటను పరిశోధకులు 1978 నుంచి గమనిస్తూ వస్తున్నారు. అక్కడ ఇళ్లకు నంబర్లు ఇచ్చారు. కార్యకర్తలు గడప గడపకూ వెళ్లి ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ఇల్లు మారారు అని రాసుకుంటారు. నేను చెప్పబోయే అంకెలకు విలువ వచ్చింది ఆ చిట్టా వల్లనే.

1987లో అక్కడి పెద్దవాళ్లలో దాదాపు 9 శాతం మందికి హెచ్‌ఐవీ-2 ఉంది. హెచ్‌ఐవీ-1 జాడే లేదు. 2006 నాటికి హెచ్‌ఐవీ-2 సుమారు 4.4 శాతానికి దిగింది, హెచ్‌ఐవీ-1 సుమారు 4.6 శాతానికి ఎక్కింది. రెండూ కలిపి చూడండి, మళ్లీ దాదాపు అదే 9. 'హెచ్‌ఐవీ ఉందా, లేదా' అని మాత్రమే పరీక్షించి ఉంటే, ఇరవై ఏళ్లలో ఏమీ మారలేదని రాసుకునేవారు. నిజానికి నెమ్మదిగా ముదిరే వైరస్ తగ్గుతుంటే, త్వరగా ముదిరే వైరస్ పెరిగింది!

హెచ్‌ఐవీ-2 సోకినవారి రక్తంలో వైరస్ తక్కువగా ఉంటుంది. లైంగికంగా అంత సులువుగా అంటుకోదు, తల్లి నుంచి బిడ్డకు చాలా అరుదు. అందుకే అది వయసు మళ్లినవారిలోనే ఎక్కువగా మిగిలింది. 1963-74 స్వాతంత్ర్య పోరాట కాలంలో అది బాగా వ్యాపించి ఉండవచ్చని పరిశోధకుల అనుమానం. హెచ్‌ఐవీ కుటుంబానికే (రెట్రోవైరస్‌లు) చెందిన మరో వైరస్ హెచ్‌టీఎల్‌వీ-1 కూడా ఈ పేటల్లో తగ్గుముఖం పట్టింది.

ఒక్క జాగ్రత్త. శాతం తగ్గినంత మాత్రాన వ్యాప్తి ఆగినట్టు కాదు, సోకినవారు చనిపోయినా శాతం తగ్గుతుంది. కొత్తగా ఎందరికి సోకుతోందో తెలియాలంటే, లోగడ నెగటివ్ వచ్చిన మనిషినే వెతికి పట్టుకుని మళ్లీ రక్తం తీయాలి. 1998-99 అంతర్యుద్ధంలో జనం నగరం వదిలి పారిపోయారు. ఆ తరువాత కూడా పాత చిట్టాలు పట్టుకుని మనుషులను వెతికిన కార్యకర్తల ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఏ రకమో తేల్చడం రోగికి ప్రాణావసరం. హెచ్‌ఐవీ-1కి వాడే నెవిరపిన్, ఎఫావిరెంజ్ మందులు హెచ్‌ఐవీ-2 మీద పనిచేయవు. మన దేశంలోనూ హెచ్‌ఐవీ-2 కేసులున్నాయి. తక్కువే అయినా, అలాంటి రోగికి ఆ మందులు రాసిస్తే రోజూ మాత్ర మింగుతున్నా జబ్బు ముదురుతూనే ఉంటుంది.