పైకప్పు ఎంత మోయగలదో తెలుసుకుని క్యారియర్ కట్టించుకుందాం

కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాల నుంచి వచ్చిన బండ్ల యజమానులకు, డ్రైవరు సోదరులకు, వారాంతం వస్తే దేవమాలి కొండ దారి పట్టే యువతకు నమస్కారం.

ఈ రోజు మాట్లాడవలసింది బండి పైకప్పు మీద బిగించే క్యారియర్ గురించి. ఎలాంటిది కొనాలి, ఎలా బిగించాలి అని అడిగారు. ఆ రెండింటికంటే ముందు మరో ప్రశ్న ఉంది. దాని మీద ఏం పెట్టబోతున్నారు? దుకాణంలో అడుగుపెట్టినవారు రంగు గురించి అడుగుతారు, లైట్లు పెట్టే చోటు గురించి అడుగుతారు. బరువు గురించి అడిగేవారు తక్కువ. మన ఘాట్ రోడ్ల మీద బండి నిలబడేదీ పడేదీ ఆ బరువును బట్టే.

సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా కోరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారి మీకు కొట్టిన పిండి. ఆ మలుపుల్లో ఖాళీ బండే ఒక పక్కకు ఒరుగుతుంది. ఇక తారు వదిలి మట్టిదారి పట్టి, ఒక చక్రం గోతిలో, ఒక చక్రం రాయి మీద పెట్టి నడిపేటప్పుడు నెత్తిన ఉన్న ప్రతి కిలో లెక్కలోకి వస్తుంది.

చిన్న లెక్క చేద్దాం. బండి బరువు 1500 కిలోలు అనుకోండి. దాని గరిమనాభి, అంటే బరువంతా ఒకచోట చేరినట్టు భావించే బిందువు, నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఇప్పుడు నేలకు 190 సెంటీమీటర్ల ఎత్తున, పైకప్పు మీద 100 కిలోలు పెట్టాం. గరిమనాభి 77.5 సెంటీమీటర్లకు చేరుతుంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 140 సెంటీమీటర్లయితే, కదలకుండా నిలిపిన బండి పక్కవాలు 45 డిగ్రీలకు చేరితే తిరగబడేది కాస్తా 42 డిగ్రీలకే తిరగబడుతుంది. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. అయితే ఇది స్ప్రింగులు నొక్కుకోని, సామాను జరగని, చక్రం గోతిలో పడని బండికి వేసిన లెక్క. నడిచే బండిలో ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి. పైగా మలుపులో వేగం బండిని బయటివైపుకు తోస్తుంది. అందుకే నిజంగా తిరగబడే వాలు ఈ అంకెలకంటే చాలా తక్కువ.

పైకప్పు ఎంత మోయగలదన్న సంగతి బండితో పాటు వచ్చే హ్యాండ్‌బుక్కులో రాసి ఉంటుంది. మోడల్‌ను బట్టి అది మారుతుంది. చూడటానికి గట్టిగా, మొండిగా కనిపించే చిన్న బండికి కూడా ఆ అంకె చాలా తక్కువగా ఉండవచ్చు, కాబట్టి ఆకారం చూసి అంచనా వేయకండి. ఇంకో అంకె క్యారియర్ తయారీదారు ఇస్తాడు. రెండింటిలో ఏది తక్కువైతే అదే మన హద్దు. 200 కిలోలు మోసే క్యారియర్ కొన్నంత మాత్రాన 75 కిలోల పైకప్పు 200 మోయదు. ఈ ఒక్క మాట మా అంగడికి వచ్చేవారికి ఎంత ఓపికగా చెప్పినా సరిపోదు.

ఇంకా ఉంది. ఆ హద్దులో క్యారియర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. పైగా హ్యాండ్‌బుక్కు అంకె చక్కని రోడ్డుకు. గతుకుల దారిలో ఆ అంకెను ఒకటిన్నరతో భాగించమని పేరున్న క్యారియర్ కంపెనీలు చెబుతాయి. బండి గోతిలో పడి లేచినప్పుడు సామాను పైకప్పును గుద్దే బలం దాని బరువుకు రెండింతలు, మూడింతలు కావచ్చు మరి. ఇప్పుడు చూడండి. హద్దు 75 కిలోలు. ఒకటిన్నరతో భాగిస్తే 50. మనం కట్టించుకున్న ఇనుప క్యారియర్ 28 కిలోలు ఉంటే, మట్టిదారిలో పైన పెట్టదగింది 22 కిలోలు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒకటి పెడితే అయిపోయింది!

ఈ అంకె చూసి నిరాశపడవద్దు. పైన ఏం పెట్టాలో అది చెబుతోంది. పరుపులు, గుడారం గుడ్డ, దుప్పట్లు, టార్పాలిన్, ఖాళీ డబ్బాలు, మడత కుర్చీలు, అంటే చోటు ఎక్కువ తిని బరువు తక్కువ తూగేవన్నీ పైకి పంపండి. నీళ్లు, పనిముట్ల పెట్టె, బియ్యం బస్తా, వంటసామాను కింద, వీలైతే వెనక చక్రాల ఇరుసుకు ముందు, నేలకు దగ్గరగా పెట్టండి. ఇంట్లో వాడే గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటే దాదాపు 30 కిలోలు తూగుతుంది. దాన్ని ఎండలో, కుదుపుల్లో పైకప్పు మీద మోసుకెళ్లకండి. పెట్రోలు క్యాన్లు అసలే వద్దు. ఇనుప రిమ్ముతో పెద్ద స్టెప్నీ కూడా నిండు సిలిండరంత బరువు ఉంటుంది. ఫోటోలో స్టెప్నీ పైన ఉంటే అందంగా ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. అయినా దాని చోటు వెనక తలుపు మీద గానీ, బండి కింద గానీ.

పైకప్పు గుడారాల గురించి కొందరు అడిగారు. నిలిపి ఉంచిన బండి పైకప్పు నడిచే బండి కంటే ఎక్కువ మోస్తుంది, అందుకే ఇద్దరు పైన పడుకోగలుగుతున్నారు. అయితే ఆ గుడారం 50, 60 కిలోలు ఉంటే దారిపొడవునా నడిచే బండే దాన్ని మోయాలి. ఆ లెక్క కుదరకపోతే నేల మీద గుడారం వేసుకోండి.

మన ప్రాంతంలో మరో బరువు ఉంది, అది మనుషులు. గురువారం ఒనకడెల్లి సంత, శుక్రవారం కుందులి సంత. ఆ రోజుల్లో జీపు లోపల చోటు లేక పైన క్యారియర్ కడ్డీలు పట్టుకుని కూర్చున్నవారిని మనమంతా చూశాం. గట్టిగా కట్టిన సామాను ఉన్నచోటే ఉంటుంది. మనిషి మలుపులో బయటి వైపుకు వాలతాడు, గరిమనాభిని ఇంకా పక్కకు లాగుతాడు. నలుగురు ఎక్కితే 250 కిలోలు. ఏ పైకప్పూ దానికోసం తయారు కాలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ బండి పైన ప్రయాణించడాన్ని నిషేధించింది. చట్టం లేకపోయినా ఇది చేయకూడని పని. బస్సు లేని ఊళ్లకు మరో దారి ఏది అని డ్రైవరు సోదరులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. రెండో ట్రిప్పు వేయడం కష్టమైనా అదే సరైన దారి. క్యారియర్ కట్టించేటప్పుడే పైకి ఎక్కే నిచ్చెన పెట్టించకండి. నిచ్చెన ఉన్నచోట మనిషి ఎక్కుతాడు.

ఇక పైకప్పుల రకాలు. బొలేరో, జిమ్నీ వంటి వాటికి పైకప్పు అంచున వాననీరు పారే గాడి ఉంటుంది. క్యారియర్ కాళ్లను అక్కడ బిగించడం సులువు, గట్టిగానూ ఉంటుంది. కొన్ని బండ్లకు ముందు నుంచి వెనక దాకా పట్టాలు ఉంటాయి. అవి రెండు రకాలు. కొన్ని లోపలి చట్రానికి బోల్టులతో బిగించినవి, కొన్ని అలంకారానికి అతికించినవి. చేత్తో ఊపి చూస్తే తేడా తెలియదు, హ్యాండ్‌బుక్కులోనే చూడాలి. గుడ్డ పైకప్పు థార్ వంటి బండికి పైకప్పు మీద ఏదీ నిలవదు, బాడీకి దిగే ప్రత్యేక చట్రం కావాలి. ఆ చట్రం బరువూ లెక్కలోదే.

ఇనుమా, అల్యూమినియమా? దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. 25 మిల్లీమీటర్ల చదరపు ఇనుప పైపు, 1.6 మిల్లీమీటర్ల మందం, మీటరుకు దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. రెండు వరుసల అంచు, మధ్యలో ఎనిమిది అడ్డకడ్డీలు, కాళ్లు అన్నీ కలిపి 24 మీటర్ల పైపు పడితే 28 కిలోలు దాటుతుంది. ఇందాక చెప్పిన 28 ఇదే. అల్యూమినియం సాంద్రత ఇనుములో మూడో వంతు. అయితే అది మెత్తన కనుక మందం పెంచాలి, చివరికి బరువు సగం దాకా తగ్గుతుందనుకోండి. పంచపట్మాలి కొండలో తవ్వి, దామన్‌జోడిలో శుద్ధి చేసే అల్యూమినియం ఖనిజం మనదే కదా, ఆ లోహం గుణం తెలుసుకోవడం మనకు న్యాయం. దాన్ని వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన లోహం బలం బాగా పడిపోతుంది. అందుకే మంచి అల్యూమినియం క్యారియర్లను బోల్టులతో కూరుస్తారు. దారిలో విరిగితే సంతలో అతికించేవారు దొరకరు. ఇనుమైతే సెమిలిగుడలోనో, జయపురంలోనో, ఏ చిన్న వెల్డింగ్ షాపులోనైనా పని అయిపోతుంది.

నా సలహా ఇది. నెలలో ఎక్కువ రోజులు సామాను మోసేవారికి, లోపలి ఊళ్లకు తిరిగేవారికి చిన్న ఇనుప క్యారియర్. పైకప్పు మొత్తం కప్పేది వద్దు, వెనక సగం చాలు. ఎప్పుడో ఒకసారి విహారానికి వెళ్లేవారికి రెండు అల్యూమినియం అడ్డకడ్డీలు చాలు, పని లేనప్పుడు తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. సాలూరు లారీలకు పేరున్న ఊరు, అక్కడ బాడీలు కట్టే చేతుల నైపుణ్యం గొప్పది. వారి దగ్గర కట్టించుకుంటే పైపు మందం, మొత్తం బరువు ముందే కాగితం మీద రాయించుకోండి. లారీకి కట్టే అలవాటు ఉన్నవారు గట్టిదనం కోసం మందం పెంచుతారు. వారి ఉద్దేశం మంచిదే, మన పైకప్పుకు మాత్రం అది భారం. పైపుల చివరలు మూయించండి, లేకపోతే నీళ్లు చేరి లోపలినుంచి తుప్పు తింటుంది, గాలికి ఈల కూడా వేస్తుంది. వెల్డింగ్ ఎప్పుడూ బండి మీద ఉంచి చేయనివ్వకండి. నిప్పురవ్వలు అద్దాన్ని, రంగును కాల్చేస్తాయి, ఎలక్ట్రానిక్ పరికరాలకూ దెబ్బ.

బిగించే రోజు ముందు గాడిని బ్రష్‌తో శుభ్రం చేయండి. ఇసుక రేణువు ఒక్కటి కాలు కింద మిగిలినా కుదుపుకు రంగును గీరేస్తుంది, తుప్పు అక్కడినుంచే మొదలు. కాలు కింద రబ్బరు పలక తప్పనిసరి. కాళ్లు తలుపుల మధ్య ఉండే స్తంభాలకు దగ్గరగా పడేలా చూడండి, బరువు దిగేది వాటిగుండానే. రెండు పక్కలా టేపుతో కొలిచి సమానంగా పెట్టాక, బోల్టులన్నీ చేత్తో తిప్పి, ఆ తరువాత ఒకదాని ఎదురు మరొకటి చొప్పున కొంచెం కొంచెంగా బిగించండి. ఎంత బిగించాలో క్యారియర్‌తో వచ్చే కాగితంలో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది, దానికి ఎంత బిగిసిందో చూపే టార్క్ రెంచి వాడండి. కండబలంతో బిగిస్తే గాడి వంగుతుంది. అల్యూమినియానికి స్టీలు బోల్టు నేరుగా తగిలితే వానాకాలంలో తుప్పు త్వరగా వస్తుంది, మధ్యలో నైలాన్ వాషరు వేయండి. వెనక తలుపు పైకి లేచే బండి అయితే దాన్ని పూర్తిగా ఎత్తి చూశాకే చివరి బిగింపు.

పైకప్పుకు రంధ్రం వేయడానికి నేను ఇష్టపడను. మన వానకు ఆ రంధ్రం చాలు. నీరు లోపలి గుడ్డ వెంట జారి స్తంభంలోని వైర్లదాకా వెళ్తుంది, పాడైన సంగతి మనకు నెలల తరువాత తెలుస్తుంది.

సామాను కట్టే నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. పాలిస్టర్ పట్టీ, గట్టి బిగింపు కొక్కెం ఉన్నది కొనండి. పట్టీని ఒక్క మెలిక తిప్పి కడితే గాలికి మోగదు. సాగే రబ్బరు తాళ్లు టార్పాలిన్ అంచుకు తప్ప దేనికీ పనికిరావు.

లైట్ల వరుస గురించి ఒక్క మాట. చలికాలం పొగమంచులో అద్దం పైన పెట్టిన లైటు కళ్ల ముందున్న మంచునే వెలిగిస్తుంది, రోడ్డు కనిపించదు. పొగమంచు లైటు కిందే ఉండాలి. పైన పెట్టిన లైటు ఘాట్‌లో ఎదుటివాడి కళ్లకూ ప్రమాదం.

చమురు ఖర్చు కూడా చూసుకోండి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు 2016లో వెలువరించిన అధ్యయనంలో క్యారియర్ వల్ల ఇంధనం ఖర్చు కొన్ని సందర్భాల్లో 25 శాతం దాకా పెరగవచ్చని తేల్చారు. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కనుక విజయనగరం వైపు చదును రోడ్డు మీదే ఈ నష్టం ఎక్కువ. చట్టం సంగతికొస్తే, సామాను పక్కలకు, ముందుకు, వెనక్కు, ఎత్తుకు హద్దు దాటితే అదే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా. కొత్త చట్రం బిగించే ముందు రవాణా కార్యాలయంలో, బీమా సంస్థలో అడిగి తెలుసుకోండి. మీ బండి మొత్తం ఎత్తు కొలిచి స్టీరింగ్ పక్కన రాసి పెట్టుకోండి, వెదురు కొమ్మలకు, రైలు కట్ట కింది దారులకు పనికొస్తుంది.

బిగించిన తరువాత మొదటి 50 కిలోమీటర్లకు ఆగి ప్రతి బోల్టునూ మళ్లీ చూడండి, రబ్బరు నొక్కుకుని పట్టు సడలుతుంది. ఆ తరువాత ప్రతి గతుకుల ప్రయాణానికీ ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి. వెల్డింగ్ అతుకుల దగ్గర రంగు సన్నగా పగిలినట్టు కనిపిస్తే లోపల ఇనుము పగులుతోందని అర్థం, బరువు దించి షాపుకు తీసుకెళ్లండి. హ్యాండ్‌బుక్కు తెచ్చుకున్నవారు ఇప్పుడు ముందుకు రండి. బయట తూకం యంత్రం పెట్టించాం, మీ క్యారియర్ విప్పి తూచి ఎవరి లెక్క వారికి రాసి ఇస్తాం.