లైఫ్ కోచ్, బిజినెస్ కోచ్: డబ్బు కట్టే ముందు

(చర్చా కార్యక్రమం. స్టూడియోలో: కంపెనీ అధికారులకు కోచింగ్ ఇచ్చే హైదరాబాద్ ఎగ్జిక్యూటివ్ కోచ్, క్లినికల్ సైకాలజిస్ట్, విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారి. ఫోన్‌లో హనుమకొండ నుంచి ఒక ప్రేక్షకురాలు.)

యాంకర్: నమస్కారం. కోచింగ్ అనగానే మనకు ఎంసెట్, గ్రూప్స్ గుర్తొస్తాయి. ఇవాళ్టి చర్చ వాటి గురించి కాదు. ఉద్యోగంలో ఎదగడానికో, వ్యాపారం పెంచుకోవడానికో డబ్బిచ్చి పెట్టుకునే కోచ్‌ల గురించి. సార్, రేపు పొద్దున నేను 'బిజినెస్ కోచ్' అని బోర్డు పెట్టుకుంటే ఎవరైనా ఆపుతారా?

కోచ్: ఎవరూ ఆపరు. మన దేశంలో ఈ పనికి లైసెన్సు లేదు. ఏ కౌన్సిల్లోనూ పేరు నమోదు చేసుకోవాల్సిన పని లేదు.

వ్యాపారి: మేం చిన్న షాపు పెట్టాలన్నా ట్రేడ్ లైసెన్సు అడుగుతారు!

యాంకర్: మరి ప్రొఫైల్ నిండా సర్టిఫికెట్లు ఉంటాయి కదా?

కోచ్: అక్కడే జాగ్రత్తగా చూడాలి. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, ఐసీఎఫ్ అంటాం, మూడు స్థాయిల్లో గుర్తింపు ఇస్తుంది. మొదటిది ఏసీసీ. దానికి కనీసం 60 గంటల శిక్షణ, క్లయింట్లతో 100 గంటల కోచింగ్ అనుభవం ఉండాలి. పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. ఎంసీసీకి 200, 2,500. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అయితే ఐసీఎఫ్ గుర్తించిన కోర్సు ఒకటి పూర్తిచేసి, ఈ గంటలేవీ లేకుండానే 'ఐసీఎఫ్ సర్టిఫైడ్' అని రాసుకునేవాళ్లున్నారు. కోర్సు సర్టిఫికెట్ వేరు, ఈ గుర్తింపు వేరు. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు వెతికితే తెలిసిపోతుంది.

వ్యాపారి: డ్రైవింగ్ స్కూల్లో ఫీజు కట్టినంత మాత్రాన లైసెన్సు చేతికి రాదు కదా, అలాగన్నమాట.

కోచ్: అంతే. ఇంకో సంగతి. పేరు పక్కన ఏసీసీ, పీసీసీ లాంటి ఆ మూడక్షరాలు ఉన్నా మీకు కుదురుతారన్న నమ్మకం లేదు. అందుకే డబ్బు కట్టకముందే ఒక అరగంట మాట్లాడాలి, మంచి కోచ్‌లు దానికి ఏమీ తీసుకోరు. ఆ అరగంటలో ఎవరు ఎక్కువ మాట్లాడారో గమనించండి. తన విజయగాథలు చెప్పుకోవడానికే ఇరవై నిమిషాలు తీసుకుంటే, రేపు సెషన్లలోనూ అదే తంతు. నన్నడిగితే, ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా వేయాలి: 'మీ దగ్గరకొచ్చినవాళ్లలో ఎవరినైనా వద్దని పంపించారా, ఎందుకు?' ఎవరినీ పంపలేదంటే అనుమానించాల్సిందే.

యాంకర్: మీరేమో సెమినార్లకు వెళ్లొచ్చారని విన్నాను?

వ్యాపారి: ఒక్కసారే అండి, మా బావమరిది పోరు పడలేక. విజయవాడలో పెద్ద హోటలు. ఎంట్రీ 99 రూపాయలు. పొద్దున్నుంచీ పాటలు, చప్పట్లు, కళ్లు మూసుకుని కోటి రూపాయలు ఊహించుకోండి అనడం. సాయంత్రానికి అసలు బేరం బయటపడింది. లక్షన్నర ప్యాకేజీ, ఆ రాత్రి లోపల కడితే డెబ్బై అయిదు వేలే. వెనక బల్లల మీద స్వైపింగ్ మిషన్లు, ఈఎంఐ రాసిచ్చే కుర్రాళ్లు. నా పక్కన కూర్చున్నాయనకు టైర్ల షాపు. 'ఇది సరుకు తెచ్చుకోవాల్సిన డబ్బండీ' అంటూనే కార్డు ఇచ్చేశాడు.

యాంకర్: మీరేం చేశారు?

వ్యాపారి: మా ఆవిడనడిగి చెబుతానన్నాను. స్టేజీ మీదాయన మైకులోనే అందుకుని, పెళ్లాన్ని అడిగేవాడు వ్యాపారం చేయలేడన్నాడు. మా షాపు లెక్కలు రాసేది ఆవిడేనండీ!

(నవ్వులు)

కోచ్: 'ఈ రాత్రికే' అన్నాడంటే లేచి రావడమే. 'ఆరు నెలల్లో టర్నోవర్ రెట్టింపు, గ్యారంటీ' అన్నా అంతే. కోచ్ ప్రశ్నలు వేస్తాడు, మీరు చెప్పిన మాట మీద మిమ్మల్ని నిలబెడతాడు. పని చేయాల్సింది మీరు. మీ పనికి నేనెలా గ్యారంటీ ఇస్తాను? ఇక షేర్ టిప్పులు చెప్పే కోచ్‌లైతే, వాళ్లకు షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు చూడండి.

సైకాలజిస్ట్: నాకు కనిపించే సమస్య ఇంకొకటి. వ్యాపారం దెబ్బతిని, రెండు మూడు వారాలుగా నిద్ర లేక, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ఉన్న మనిషికి 'మీది మైండ్‌సెట్ బ్లాక్' అని చెప్పి ఇంకో లెవెల్ కోర్సు అమ్ముతారు. అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం కావాలి. క్లినికల్ సైకాలజిస్టులకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబరు అడగడానికి మొహమాటపడకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళప్పుడైనా, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఇలాంటి మనిషి వస్తే మంచి కోచ్ మా దగ్గరకు పంపాలి.

కోచ్: పంపుతాం మేడమ్. పంపనివాళ్లూ ఉన్నారు, కాదనను.

యాంకర్: మరి కంపెనీయే కోచ్‌ను పెడితే? నేను మా మేనేజర్ గురించి చెప్పుకున్నదంతా హెచ్‌ఆర్‌కు వెళ్తుందేమో!

కోచ్: మొదటి రోజే మీరు, కోచ్, కంపెనీ ముగ్గురూ కూర్చుని రాసుకోవాలి. ఎన్ని సెషన్లు జరిగాయి, ఏ లక్ష్యం పెట్టుకున్నాం, ఇంతవరకే కంపెనీకి. లోపలి మాటలు బయటకు రాకూడదు. అది కాగితం మీద లేకపోతే నోరు విప్పకండి.

యాంకర్: హనుమకొండ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

ప్రేక్షకురాలు: నమస్తే సార్. నాది బొటిక్. ఆన్‌లైన్‌ల ఒక బిజినెస్ కోచ్ ఆరు నెలలకు ఎనభై వేలు అంటున్నడు. రేపటికల్లా కడితే నలభైకి ఇస్తరట. ఫోన్ నంబర్‌కు పంపమన్నడు.

వ్యాపారి: బిల్లు ఇస్తానన్నాడా?

ప్రేక్షకురాలు: ఏం చెప్పలే.

వ్యాపారి: అడగమ్మా. ఎన్ని సెషన్లు, ఒక్కోటి ఎంతసేపు, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు, అన్నీ రాతలో ఉండాలి. రేపు గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేసినా, ముందు అడిగేది ఆ కాగితాలే.

కోచ్: ఒక మాట అడుగుతాను, అమ్మా. ఆరు నెలల తర్వాత ఏం మారితే ఆ డబ్బు వసూలైందనుకుంటారు?

ప్రేక్షకురాలు: ఆర్డర్లు మంచిగనే వస్తయి సార్. పెళ్లిళ్ల సీజన్‌ల ఊపిరాడదు. కానీ నెలాఖరుకు చేతిల ఏం మిగుల్తలేదు.

కోచ్: ఒక బ్లౌజు మీద మీకెంత మిగులుతుంది?

ప్రేక్షకురాలు: మగ్గం వర్క్ దానికా, మామూలు దానికా?

కోచ్: రెండూ చెప్పండి.

ప్రేక్షకురాలు: ... రాసి పెట్టలే సార్.

కోచ్: అయితే ఇప్పుడు మీకు కోచ్‌తో పని లేదు. నెలకు రెండుసార్లు వచ్చి పుస్తకాలు రాసే అకౌంటెంట్ చాలు. ఆ తర్వాత సలహా కావాలంటే హైదరాబాద్‌లో వీ హబ్ ఉంది. ఆడవాళ్ల వ్యాపారాల కోసం 2018లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టింది. మెంటర్లు దొరుకుతారు, వాళ్లతో మాట్లాడండి.

ప్రేక్షకురాలు: మరి రేపటికల్లా చెప్పాలె కదా?

సైకాలజిస్ట్: నెల రోజులు టైమడగండి. ఏమంటాడో చూద్దాం.

ప్రేక్షకురాలు: సరే మేడమ్. ఒక్కటి సార్, మగ్గం అతనికిచ్చేది కూడా బ్లౌజు ఖర్చులనే రాయాల్నా?

వ్యాపారి: రాయాలమ్మా. పూసలు, దారం, షాపు అద్దె, కరెంటు బిల్లు. మీరు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటున్నారే, ఆ జీతం కూడా.

ప్రేక్షకురాలు: నా జీతమా? అది ఎప్పుడూ లెక్కల పెట్టలే.

యాంకర్: టైమ్ అయిపోయింది. అమ్మా, లైన్లోనే ఉండండి, మన వ్యాపారి గారు మీతో మాట్లాడతారు.