రోజూ ప్రయాణం ఆటైతే? విజయనగరం స్టూడియోలో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. రోజూ ఆఫీసుకి, బడికి వెళ్లే దారిని ఆటగా మార్చి పాయింట్లు, బహుమతులు ఇస్తే ట్రాఫిక్ తగ్గుతుందా? మాస్టారూ, మీరు చెప్పండి.

అధ్యాపకుడు: తగ్గిన ఉదాహరణ మన దేశంలోనే ఉందండీ. బెంగళూరులో ఇన్ఫోసిస్ ఉద్యోగులతో 2008 అక్టోబరు నుంచి ఆరు నెలలు చేసి చూశారు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ బాలాజీ ప్రభాకర్ ఆలోచన అది. రద్దీకి ముందే చేరుకుంటే పాయింట్లు, వాటితో లాటరీలో నగదు. దాదాపు 14,000 మంది ఆడారు. బస్సులో వచ్చేవాళ్లకి ఉదయం ప్రయాణం సగటున 71 నిమిషాల నుంచి 54కి దిగింది. తలా పది రూపాయలు పంచితే పెందలాడే ఎవరూ లేవరు. పెద్ద మొత్తం తగలొచ్చన్న ఆశే లేపుతుంది.

ఉపాధ్యాయిని: ఆఫీసువాళ్లకి సరే మాస్టారూ. బడి గంట నా చేతిలో లేదు కదా! నేను కొత్తవలస రైల్లో వెళ్తాను. మా బోగీలో పిల్లలతో ఊళ్ల పేర్లతో అంత్యాక్షరి ఆడతాను. కోరుకొండ రాగానే ‘డ’ పడుతుంది. ఎవరో డెంకాడ అంటారు, మళ్లీ ‘డ’. డుంబ్రిగుడ అంటే మళ్లీ అదే! ఆ నవ్వుల్లో కంటకాపల్లి ఎప్పుడు దాటిందో తెలీదు. పాయింట్లు లేవు, అయినా ఆ రైలు తప్పితే నాకు బెంగ.

ఆటోడ్రైవర్: నాకు ఆటంటేనే టెన్షన్ అమ్మా. మా అబ్బాయి డెలివరీ బండి నడుపుతాడు. రాత్రి ఇన్ని ఆర్డర్లు పూర్తిచేస్తే బోనస్ అని ఫోన్‌లో గీత నిండుతూ ఉంటుంది. ఇంకా రెండే ఉన్నాయని వానలో రింగురోడ్డు మీద లాగించి పడ్డాడు. మోచేతికి ఆరు కుట్లు. ఫోన్ మాత్రం ‘ఇంకా రెండు’ అనే చూపిస్తోంది.

సమన్వయకర్త: (కాసేపు ఆగి) ఇప్పుడెలా ఉన్నాడు బాబూ?

ఆటోడ్రైవర్: తగ్గిందండీ. మళ్లీ బండెక్కాడు.

అధ్యాపకుడు: అందుకే చెప్తున్నాను, తొందరకి పాయింటు ఇచ్చే ఆట ప్రమాదం. స్టాక్‌హోమ్‌లో 2010లో తిప్పి చేశారు. వేగపరిమితి లోపల వెళ్లినవాళ్ల నంబర్లు కెమెరా పట్టి లాటరీలో వేసింది. బహుమతి సొమ్ము అతివేగం వాళ్లు కట్టిన జరిమానాలదే. సగటు వేగం గంటకి 32 కిలోమీటర్ల నుంచి 25కి వచ్చింది.

ఆటోడ్రైవర్: నెమ్మదిగా వెళ్తే బహుమతా! అయితే ఆ కెమెరా మన రింగురోడ్డులో పెట్టమనండి మాస్టారూ. మా వాడి బండి నంబరు నేనే రాయించి వస్తాను.